డి8లో ఇరుక్కున్న రాజే ఆట గెలిపించాడు: ఎస్ట్రిన్, బెర్లినర్ల ఉత్తరాల ఆట

మీరు అడిగింది మూడు ముక్కల్లో చెప్పి జవాబు మొదలుపెడతాను. మీ అబ్బాయికి పదమూడేళ్ళు, నల్లపావులతో టూ నైట్స్ (రెండు గుర్రాలను మొదట్లోనే బయటికి తెచ్చే ఓపెనింగ్, అంటే ఆట మొదటి ఎత్తుల వరస) ఆడతాడు, తెల్లవాళ్ళు నాలుగో ఎత్తుకే గుర్రాన్ని జి5కి తెస్తే ఇరవై ఎత్తుల లోపే ఓడిపోతున్నాడు. ఈ ఓపెనింగ్‌లోనే ఉత్తరాల చదరంగంలో (పోస్టులో ఒక్కో ఎత్తూ పంపుకుంటూ ఆడేది, దాన్నే కరస్పాండెన్స్ అంటారు) నల్ల గెలిచిన ఆట ఒకటి ఉందని కోచ్ చెప్పారు, అదేమిటని మీ ప్రశ్న. చివరగా, ఇంట్లో కూర్చుని పుస్తకాలు తిరగేసుకుంటూ ఆడేదాంట్లో పిల్లాడు నేర్చుకునేది ఏముంటుందని మీ సందేహం.

ఆ ఆట ఏదో నాకు తెలుసు. కోచ్ గారు చెప్పింది కచ్చితంగా యాకొవ్ ఎస్ట్రిన్, హాన్స్ బెర్లినర్‌ల ఆటే అయ్యుంటుంది. 1965 నుంచి 1968 వరకు నడిచిన అయిదో ప్రపంచ కరస్పాండెన్స్ చాంపియన్‌షిప్ ఫైనల్లోది. అందరూ దాన్ని ఓపెనింగ్ కోసం చూపిస్తారు. నేను మాత్రం దాన్ని 29వ ఎత్తు నుంచి చూడమంటాను. ఎందుకో చెప్పాలంటే కొంచెం వివరంగా రాయాలి, ఓపిగ్గా చదవండి.

ముందు మీ ఆఖరి సందేహం తీర్చేస్తాను. ఉత్తరాల ఆటలో పుస్తకాలు చూడటం దొంగతనం కాదండీ, అది మొదటి నుంచీ ఆ ఆట నియమమే. బోర్డు మీద పావులు జరిపి చూసుకోవచ్చు, పాత ఆటలు తిరగేయొచ్చు, వారం రోజులు ఒక్క ఎత్తు మీదే కూర్చోవచ్చు. అంతర్జాతీయ పోటీల్లో పది ఎత్తులకు ముప్ఫై రోజులు ఇచ్చేవారు. కార్డు దారిలో ఉన్న రోజులు లెక్కలోకి రావు, పోస్టు ముద్ర మీది తేదీలే గడియారం. ఒక దేశం భాష ఇంకో దేశం వాళ్ళకు రాదు కాబట్టి ఎత్తులు అంకెల్లో రాసుకునేవారు. ఎ నుంచి హెచ్ దాకా నిలువు వరసలకు 1 నుంచి 8 వరకు అంకెలు. ఇ2 నుంచి ఇ4కి బంటు అంటే 5254. గుర్రం ఎఫ్3కి వెళ్ళడం 7163. తెల్ల రాజు పక్కన క్యాస్లింగ్ (రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో కదిపి రాజును మూలకు చేర్చడం) అంటే 5171. కార్డు మీద ఇంకేమీ అక్కర్లేదు, నాలుగంకెలు, తేదీలు, సంతకం.

నేను దేశంలోపలి ఆటలు పోస్టుకార్డు పదిహేను పైసలున్న రోజుల్లో ఆడాను. ఒక ఆటలో నా ఏనుగు ఎఫ్1 నుంచి ఇ1కి వెళ్ళాలి, 6151 అని రాయాలి. రాత్రి పదకొండింటికి రాసి పొద్దున్నే డబ్బాలో వేశాను. రాసింది 6141. ఏనుగు ఇ1 దాటి డి1లో, తిన్నగా ఎదుటివాళ్ళ బిషప్ చూపులో కూర్చుంది. ఆ ఎత్తు నియమాల ప్రకారం చెల్లుతుంది కాబట్టి వెనక్కి తీసుకోవడం లేదు. ఎదుటాయన మర్యాదస్తుడు, జవాబు కార్డులో ఒక్క ముక్క కూడా ఎక్కువ రాయకుండా నాలుగంకెలు మాత్రమే పంపాడు. ఆ రోజు నుంచి రాసిన కార్డును ఒక పూట బల్లమీద ఉంచి, మళ్ళీ బోర్డు మీద ఆడి చూసుకుని గానీ పోస్టు చెయ్యలేదు. మీ అబ్బాయి ఇరవై ఎత్తుల్లో ఓడిపోతున్నాడంటే వాడికి కావలసింది కూడా ఈ అలవాటే. ఇప్పుడు కార్డులు లేవు, అంతర్జాతీయ సమాఖ్య ఐసీసీఎఫ్ సర్వర్ మీద ఆడుతున్నారు, అక్కడ కంప్యూటర్ ఇంజిన్ (మంచి ఎత్తులు లెక్కగట్టి చెప్పే ప్రోగ్రాం) వాడుకోవచ్చు కూడా. దాంతో పైస్థాయి ఆటలు చాలా మటుకు డ్రాలే. పిల్లలు ఆడే వెబ్‌సైట్లలో రోజుకో ఎత్తు ఆటలు ఉంటాయి. వాటిలో ఓపెనింగ్ పుస్తకాలు చూడొచ్చు, ఇంజిన్ మాత్రం కుదరదు. మీవాడికి అవి సరిగ్గా సరిపోతాయి.

ఇక ఆట. పావులను రాజు, మంత్రి, ఏనుగు, గుర్రం, బంటు అనే అంటాను. శకటాన్ని మాత్రం ఇప్పుడు పిల్లలందరూ బిషప్ అనే పిలుస్తున్నారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. అంకె తర్వాత మూడు చుక్కలుంటే అది నల్ల ఎత్తు. బోర్డు పక్కన పెట్టుకుని చదవండి.

తెల్ల ఎస్ట్రిన్, నల్ల బెర్లినర్. ఎస్ట్రిన్ మాస్కో మనిషి, వృత్తికి న్యాయవాది. టూ నైట్స్ మీద ప్రత్యేకంగా పుస్తకమే రాసినంత పట్టున్నవాడు, తర్వాత 1972–76లో జరిగిన ఏడో చాంపియన్‌షిప్ గెలిచి తనూ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. బెర్లినర్ 1929లో బెర్లిన్‌లో పుట్టి, ఎనిమిదేళ్ళప్పుడు కుటుంబంతో అమెరికా వెళ్ళిపోయాడు. అంటే బెర్లినర్ వెళ్ళి వెళ్ళి ఎస్ట్రిన్ సొంత ఇంట్లోనే తగవు పెట్టుకున్నాడు. తెలియక కాదు, తెలిసే.

1. ఇ4, ఇ5. 2. గుర్రం ఎఫ్3, గుర్రం సి6. 3. బిషప్ సి4, గుర్రం ఎఫ్6. 4. గుర్రం జి5. మీవాడిని భయపెడుతున్న ఎత్తు ఇదే. ఎఫ్7 మీద గుర్రం, బిషప్ రెండూ గురిపెట్టాయి. 4...డి5 తప్ప మంచి దారి పెద్దగా లేదు. 5. ఇ బంటు డి5ను కొట్టింది. ఇక్కడ మీవాడు ఏం చేస్తున్నాడో మీరు రాయలేదు గానీ, ఇరవై ఎత్తుల్లో ఓడిపోతున్నాడంటే గుర్రంతో డి5 బంటును తింటున్నాడని నా ఊహ. చూడగానే అదే సహజంగా అనిపిస్తుంది. అప్పుడు తెల్ల 6. గుర్రంతో ఎఫ్7ను కొట్టి, రాజును నడిబోర్డులోకి లాగుతుంది. దాన్నే ఫ్రైడ్ లివర్ అంటారు. అలా కొట్టకుండా 6. డి4 ఆడినా నల్లకు కష్టమే. ఈ ఒక్కటి మానిపించండి, సగం ఓటములు ఆగిపోతాయి. నేర్చుకునే వయసులో నేను చెప్పేది 5...గుర్రం ఎ5. బిషప్‌ను అదిలించి, ఒక బంటు పోగొట్టుకుని, పావులను త్వరగా బయటికి తెచ్చుకునే దారి. నల్లకు సుఖంగా ఊపిరాడుతుంది.

బెర్లినర్ ఎంచుకున్నది అది కాదు. 5...బి5. బిషప్ మీదికి బంటును తోశాడు. బిషప్‌తో ఆ బంటును తింటే నల్ల మంత్రి డి5కి వచ్చి బి5 బిషప్‌నూ జి2 బంటునూ ఒకేసారి పడుతుంది. అందుకే చూడటానికి వెర్రిగా ఉన్నా 6. బిషప్ ఎఫ్1 సరైన ఎత్తు, అక్కడి నుంచి జి2కి కాపు దొరుకుతుంది. 6...గుర్రం డి4. ఈ స్థితిని ఫ్రిట్జ్ వేరియేషన్ అంటారు. కంప్యూటర్ ప్రోగ్రాం పేరు కాదది, అంతకు చాలాకాలం ముందటి జర్మన్ ఆటగాడు అలెగ్జాండర్ ఫ్రిట్జ్ పేరు. 7. సి3, గుర్రంతో డి5 కొట్టాడు. ఇప్పుడు డి8 మంత్రి చూపు జి5 గుర్రం మీద పడుతోంది, సి3 బంటు చూపు డి4 గుర్రం మీద పడుతోంది. ఎస్ట్రిన్ 8. గుర్రం ఇ4కి వెనక్కి తెచ్చాడు. 8...మంత్రి హెచ్4. 9. గుర్రం జి3, బిషప్ జి4. 10. ఎఫ్3.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి బోర్డు చూడండి. నల్లవి రెండు పావులు వేలాడుతున్నాయి, సి3 బంటు నోటి దగ్గర డి4 గుర్రం, ఎఫ్3 బంటు నోటి దగ్గర జి4 బిషప్. అప్పటిదాకా తెలిసిన దారి గుర్రాన్ని ఎఫ్5కి లాక్కోవడం. బెర్లినర్ ముందే ఇంట్లో పరిశోధించి పెట్టుకున్న కొత్త ఎత్తు వేరే, 10...ఇ4. రెండు పావుల్లో దేన్నీ కాపాడలేదు. బంటును ఒక్క గడి ముందుకు జరిపాడంతే.

ఆ ఒక్క గడితో ఏం మారిందంటే, ఇ5లో ఉన్న బంటు తన సొంత బిషప్‌కే గోడలా ఉండేది. ఆ గోడ జరగ్గానే ఎఫ్8లోని బిషప్ డి6కి వస్తే దాని చూపు జి3 గుర్రం దాకా పోతుంది. ఆ గుర్రం కదలలేదు, కదిలితే హెచ్4 మంత్రి రాజుకు చెక్. దాన్ని కాచేది హెచ్2 బంటు. బిషప్ జి3ను కొట్టి, ఆ బంటు తిరిగి కొడితే హెచ్ వరస తెరుచుకుని మంత్రి హెచ్1 ఏనుగును ఎత్తుకుపోతుంది. 11. సి బంటు డి4 గుర్రాన్ని కొట్టింది, 11...బిషప్ డి6. బిషప్ జి4లో ఇంకా అలా వేలాడుతూనే ఉంది. 12. బిషప్ బి5ను కొట్టి చెక్. 12...రాజు డి8.

ఈ రాజును గుర్తుపెట్టుకోండి. క్యాస్లింగ్ పోయింది, పన్నెండో ఎత్తుకే నడిబోర్డులో నిలబడ్డాడు, ఒక గుర్రమూ పోయింది. మీవాడి వయసులో అయితే 'నా రాజు పాడైపోయాడు' అని ఏడుపు మొహం పెట్టే స్థితి. నిజానికి ఫ్రిట్జ్‌లో ఇది మామూలే. 8వ ఎత్తులో తెల్ల గుర్రాన్ని వెనక్కి తీసుకోకుండా సి బంటుతో డి4ను కొట్టి, మంత్రి జి5ను కొట్టాక బిషప్‌తో బి5 మీద చెక్ చెప్పినా రాజు పోయేది డి8కే. ఇప్పటివాళ్ళు తెల్లకు ఆ దారే మేలంటున్నారు కూడా. అంటే ఈ లైను (ఈ ఎత్తుల వరస) ఆడదలచుకున్నవాడికి డి8 రాజుతో స్నేహం ఉండాలి.

13. తెల్ల క్యాస్లింగ్, ఇ బంటు ఎఫ్3ను కొట్టింది. 14. ఏనుగుతో ఎఫ్3. లెక్క వేస్తే తెల్లకు ఒక గుర్రం, ఒక బంటు ఎక్కువ. బెర్లినర్ 14...ఏనుగు బి8 ఆడాడు. నాకీ ఆటలో మొదటి భాగమంతటిలోకీ ఇష్టమైన ఎత్తు ఇది. జి4 బిషప్‌తో వెంటనే ఎఫ్3 ఏనుగును కొట్టేయడానికి చెయ్యి దురద పెడుతుంది ఎవరికైనా. ఆ ఏనుగు ఎక్కడికీ పోదని తెలిసినవాడు ముందు మూలనున్న తన ఏనుగును ఆటలోకి తెచ్చాడు, అదీ బి5 బిషప్ మీద దాడి చేస్తూ. 15. బిషప్ ఇ2. తర్వాతి కాలంలో ఇక్కడ బిషప్ ఎఫ్1, గుర్రం సి3 లాంటివి తెల్లకు వెతికారు, ఆ పరిశోధన చాలా లోతుకు పోయింది, మీకు ఇప్పుడు అక్కర్లేదు. 15...బిషప్‌తో ఎఫ్3. 16. బిషప్‌తో తిరిగి ఎఫ్3. 16...మంత్రి డి4 బంటును తిని చెక్. 17. రాజు హెచ్1, బిషప్‌తో జి3. 18. హెచ్ బంటుతో జి3.

ఇప్పుడు మంత్రులను వదిలేస్తే నల్లకు ఏనుగులు రెండు, గుర్రం ఒకటి. తెల్లకు ఏనుగు ఒకటి, బిషప్‌లు రెండు, గుర్రం ఒకటి. బంట్లు చెరి అయిదు. దాదాపు సమానం అనుకోవచ్చు గానీ ఎ1 ఏనుగు, బి1 గుర్రం, సి1 బిషప్ మూడూ పుట్టినచోటే ఉన్నాయి. 18...ఏనుగు బి6. ఆరో వరస మొత్తం ఖాళీ, ఆ ఏనుగు హెచ్6కి వచ్చి చెక్ చెప్పబోతోంది. డి5లో నల్ల గుర్రం ఎఫ్3 బిషప్‌కు దొరికేలా ఉంది కదా, తింటే పోలా అంటారా? తింటే హెచ్6లో ఏనుగు చెక్. రాజు జి1కి పోవడానికి డి4 మంత్రి ఒప్పుకోదు. తెల్ల మంత్రి హెచ్5లో అడ్డం పడితే ఏనుగు దాన్ని తిని ఆటకట్టు. మీవాడి చేత ఇది బోర్డు మీద ఆడించండి, పిల్లలకు చాలా నచ్చుతుంది.

19. డి3. సి1 బిషప్ చూపు హెచ్6 మీద పడేలా దారి తెరిచాడు ఎస్ట్రిన్. చక్కటి కాపు. 19...గుర్రం ఇ3. ఆ దారికి అడ్డంగా గుర్రాన్ని పడేశాడు, అదీ మంత్రి మీద దాడితో. 20. బిషప్ ఇ3ను తింది, మంత్రి ఇ3ను తింది. 21. బిషప్ జి4, హెచ్6 చెక్‌కు హెచ్3లో అడ్డం వద్దామని. 21...హెచ్5. 22. బిషప్ హెచ్3, జి5. 23. గుర్రం డి2, జి4. 24. గుర్రం సి4, మంత్రినీ బి6 ఏనుగునూ ఒకేసారి పట్టింది. 24...మంత్రి జి3 బంటును తింది. 25. గుర్రం బి6 ఏనుగును తింది, జి బంటు హెచ్3 బిషప్‌ను తింది. 26. మంత్రి ఎఫ్3, వేరే గతి లేదు. 26...హెచ్ బంటు జి2ను కొట్టి చెక్. 27. మంత్రితో జి2, మంత్రులు మారిపోయాయి. 28. రాజుతో జి2, సి బంటు బి6 గుర్రాన్ని కొట్టింది.

పిడుగులన్నీ పడి వాన వెలిసినట్టుంది చూడండి. బోర్డు మీద మిగిలింది ఇంతే. తెల్లకు రాజు జి2లో, ఏనుగు ఎ1లో, బంట్లు ఎ2, బి2, డి3. నల్లకు రాజు ఇంకా డి8లోనే, ఏనుగు హెచ్8లో, బంట్లు ఎ7, బి6, ఎఫ్7, హెచ్5. ఒక బంటు ఎక్కువ.

నేను ఈ ఆటను మొదటిసారి నోటుబుక్కులో ఎక్కించుకున్నప్పుడు సరిగ్గా ఇక్కడే పెన్ను మూశాను. బంటు ఎక్కువుంది, మిగతాదంతా మామూలే అనుకున్నాను. తర్వాత రెండేళ్ళకు నా సొంత ఉత్తరాల ఆటలో ఇలాంటి ఏనుగుల ఎండింగే (రాజులు, ఏనుగులు, బంట్లు మాత్రమే మిగిలిన చివరి దశ) వచ్చింది, నాకూ ఒక బంటు ఎక్కువ. ఎదుటాయన ఏనుగు నా ఎఫ్7 బంటు మీదికి వచ్చింది. నా ఏనుగును హెచ్7లో కూర్చోబెట్టి కాపు కాశాను. బంటు పోలేదు గానీ ఏనుగు అక్కడి నుంచి కదలనూలేదు. నా రాజు ఎటు కదిలినా చెక్కులు. అయిదు నెలల పాటు కార్డులు రాసి డ్రాకు ఒప్పుకున్నాను. అప్పుడు ఆ నోటుబుక్కు తీసి, మూసేసిన చోటు నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. మీకు నేను చెప్పదలచుకున్నదంతా ఆ పద్నాలుగు ఎత్తుల్లోనే ఉంది.

29. ఏనుగు ఎఫ్1. సరిగ్గా నా ఆటలోలాగే ఎఫ్7 మీదికి. 29...రాజు ఇ7. పన్నెండో ఎత్తు నుంచి డి8లో నిలబడిన రాజు మొదటిసారి కదిలాడు. 30. ఏనుగు ఇ1 చెక్. 30...రాజు డి6. వెనక్కి పోలేదు, ఎఫ్7ను వదిలేసి ముందుకే వచ్చాడు. 31. ఏనుగు మళ్ళీ ఎఫ్1.

ఇక్కడ మనలో పదిమందిని అడిగితే తొమ్మిదిమంది ఏనుగును హెచ్7కి పంపుతారు, లేదా రాజును ఇ7కి వెనక్కి తెస్తారు. వెనక్కి తెస్తే తెల్ల మళ్ళీ ఇ1లో చెక్ చెప్పి అవే ఎత్తులు తిప్పుతుంది. బెర్లినర్ 31...ఏనుగు సి8. ఉన్న ఒక్క బంటు లాభాన్నీ చేతులారా ఇచ్చేశాడు. 32. ఏనుగు ఎఫ్7ను తింది. 32...ఏనుగు సి7, ఏనుగులు మార్చుకుందామా అని. మార్చుకుంటే తెల్ల పని అయిపోయినట్టే. హెచ్5 బంటును ఆపడానికి తెల్లరాజు అక్కడే కాపలా ఉండాలి, అంతలో నల్లరాజు డి3నీ మంత్రి పక్క బంట్లనూ మేసేస్తాడు. అందుకే 33. ఏనుగు ఎఫ్2.

ఇప్పుడు లెక్కపెట్టండి. చెరి మూడు బంట్లు. పావుల లెక్కలో ఏ తేడా లేదు. కానీ ఒక తెల్లరాజు జి2లో హెచ్ బంటుకు బందీ, ఒక నల్లరాజు బోర్డు నడిమధ్యకు దారి పట్టాడు. 33...రాజు ఇ5. 34. ఎ4, రాజు డి4. 35. ఎ5, రాజు డి3 బంటును తిన్నాడు. 36. ఏనుగు ఎఫ్3 చెక్, రాజు సి2. చెక్ ఆ రాజును తరమలేదు, ఇంకా మంచి గడికి తోసింది. డి8, ఇ7, డి6, ఇ5, డి4, డి3, సి2. పన్నెండో ఎత్తులో పాడైపోయాడనుకున్న రాజే ఆరడుగుల్లో బోర్డు దాటి ఎదుటివాళ్ళ బంట్ల వెనక చేరాడు. హాయిగా క్యాస్లింగ్ చేసుకుని జి8లో ఉన్న రాజైతే అక్కడికి ఆ వేళకు చేరేవాడు కాదు.

37. బి4, బి5. తొందరపడి ఎ5ను కొట్టలేదు, కొడితే ఎ వరస బంటు, హెచ్ వరస బంటు మాత్రమే మిగులుతాయి. ఇప్పుడు బి5 బంటు నిలబడింది, బి4 బంటు గురిలోకి వచ్చింది. 38. ఎ6, ఏనుగు సి4. 39. ఏనుగు ఎఫ్7, ఏనుగుతో బి4. 40. ఏనుగు బి7. ఎ7ను వెంటనే తినకుండా బి బంటు వెనక చేరాడు. 40...ఏనుగు జి4 చెక్. తెల్లరాజు మీదికొచ్చినా హెచ్5 బంటు కాపు ఉంది ఆ ఏనుగుకు. దాదాపు ఇరవై ఎత్తులుగా కదలకుండా నిలబడ్డట్టున్న ఆ బంటు ఇందుకు పనికొచ్చింది. 41. రాజు ఎఫ్3, బి4. 42. ఏనుగు ఎ7ను తింది, బి3. ఎస్ట్రిన్ ఇక్కడ ఓటమి ఒప్పుకున్నాడు. ఎ7కు చేరిన ఏనుగు తన ఎ6 బంటుకే అడ్డం. అది పక్కకు జరిగేలోపు నల్ల బి2. అప్పుడు ఎ బంటు ఏడో గడికి వస్తే నల్ల ఏనుగు నాలుగో వరస మీదుగా ఎ4కి జారి దాన్ని పట్టేస్తుంది, బి బంటు మంత్రి అవుతుంది.

ఆ ఫైనల్లో బెర్లినర్ పదహారు ఆటల్లో పన్నెండు గెలిచి, నాలుగు డ్రా చేసి, ఒక్కటీ ఓడకుండా 14 పాయింట్లతో చాంపియన్ అయ్యాడు. రెండో స్థానానికీ అతనికీ మూడు పాయింట్ల దూరం. తర్వాత కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ చదరంగం మీద పరిశోధన చేసి 1974లో డాక్టరేట్ తీసుకున్నాడు. అక్కడే హైటెక్ అనే చెస్ యంత్రాన్ని తయారుచేసిన బృందాన్ని నడిపించాడు. 2017లో పోయాడు. ఒక్కో ఎత్తును కాగితం మీద చెట్టు కొమ్మల్లా విడదీసి చూసే మనిషి, అదే పనిని యంత్రానికి నేర్పడానికి పూనుకోవడం నాకు ఎంతో సహజంగా అనిపిస్తుంది.

ఇప్పుడు నా మాట. 10...ఇ4ను అందరూ మెచ్చుకుంటారు, మెచ్చుకోవాల్సిందే. అయితే ఆ ఎత్తు బెర్లినర్‌కు ఇచ్చింది గెలుపు కాదు, ఒక బంటు ఎక్కువున్న ఏనుగుల ఎండింగ్. అలాంటివి డ్రా అవడం చదరంగంలో రోజూ చూసేదే. ఆటను గెలిచింది ఆ బంటును వదిలేసి రాజును నడిపించిన 31వ ఎత్తు. పదునైన ఓపెనింగ్ ఆడేవాళ్ళలో చాలామంది పదిహేను ఎత్తులు బట్టీ పట్టి, అక్కడ ఆటకట్టు రాకపోతే ఏం చెయ్యాలో తెలియక తెల్లమొహం వేస్తారు. మీవాడు ఇరవై ఎత్తుల్లో ఓడిపోవడానికి కారణం లైను తెలియకపోవడం కొంత. రాజు నడిబోర్డులో ఉన్నా, బంటు తక్కువైనా ఆట ఇంకా ఉందని నమ్మకపోవడం ఎక్కువ.

అందుకని నేనైతే ఇలా చేయిస్తాను. టోర్నమెంట్లలో ఓ ఏడాది పాటు 5...గుర్రం ఎ5 ఆడనివ్వండి. 5...బి5, 6...గుర్రం డి4 లైను రోజుకో ఎత్తు ఆటల్లో మాత్రమే, అదీ ఎత్తు కాగితం మీద రాసుకుని, బోర్డు మీద ఆడి చూసుకుని, మర్నాడు పంపేలా. ఇంజిన్ దగ్గరికి ఆట పూర్తయ్యేదాకా వెళ్ళకూడదు. వెళితే 31వ ఎత్తును వెతికే శ్రమ వాడికి ఎప్పటికీ తెలియదు. వారానికి రెండు రోజులు 28వ ఎత్తు తర్వాతి స్థితి పెట్టి మీరు తెల్ల, వాడు నల్ల. తర్వాత పక్కలు మార్చుకోండి. మీకు చదరంగం అంతగా రాకపోయినా ఫరవాలేదు, ఏనుగును ఎఫ్1కి తెచ్చి ఎఫ్7 మీద కూర్చోవడం ఎవరైనా చెయ్యగలరు.

వాడికి ఈ సమాధానం చదివించకముందే ఒక పని చెయ్యండి. 31వ ఎత్తులో నల్ల ఆడాల్సిన స్థితి బోర్డు మీద పెట్టండి. తెల్ల రాజు జి2, ఏనుగు ఎఫ్1, బంట్లు ఎ2, బి2, డి3. నల్ల రాజు డి6, ఏనుగు హెచ్8, బంట్లు ఎ7, బి6, ఎఫ్7, హెచ్5. అరగంట టైమిచ్చి, ఎత్తును చెప్పకుండా కాగితం మీద రాయమనండి, ఎందుకో రెండు వాక్యాలు కూడా. వాడు ఏనుగు హెచ్7 అని రాస్తే కోప్పడకండి, నేనూ ఒకప్పుడు అదే రాసి పోస్టు చేశాను. వాడేం రాశాడో ఇక్కడ కింద పెట్టండి, దాన్నిబట్టి తర్వాత ఏ ఎండింగ్ చూపించాలో చెబుతాను.